హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పట్టాలనుకునే నలుగురు స్నేహితులకు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కాలేజీ నాటి నలుగురు స్నేహితులు, ముప్పై అయిదు దాటిన వయసులు, ఐటీ ఉద్యోగాలు. శనివారం మాల్, ఆదివారం బిర్యానీ, ఆ పైన నిద్ర. జూలైలో టాంక్‌బండ్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, నీళ్ళ మీద తెల్లటి తెరచాపల వరస చూసి, మనమూ నేర్చుకుందాం అనుకున్నారు. ఈ వయసులో వస్తుందా, నలుగురిలో ఒకామెకు ఈత రాదు కదా పరవాలేదా, అసలు ఆ నీళ్ళలో దిగొచ్చా అని మీ ప్రశ్నలు. నేను ముప్పై తొమ్మిదో ఏట మొదలుపెట్టాను. పద్నాలుగేళ్ళుగా ఆ నీళ్ళ మీదే ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆదివారాలు పడవకు తెరచాప, తాళ్ళు కట్టడం చూపిస్తుంటాను కూడా. ఆ అనుభవంతో చెబుతున్నాను.

వయసు సంగతి ముందు. వస్తుంది. పదేళ్ళప్పుడే వేళ్ళకు పడాల్సిన వీణేం కాదిది. కాకపోతే సిగ్గు ఒడ్డున వదిలేసి రావాలి. మీ పక్కనే ఎనిమిదేళ్ళ పిల్లలు ఆప్టిమిస్ట్ అనే పడవల్లో తిరుగుతుంటారు. రెండున్నర మీటర్ల పొడవు కూడా ఉండదు, ముక్కు కోసేసిన స్నానాల తొట్టిలా ఉంటుంది. అందులో కూర్చున్న పిల్ల మిమ్మల్ని దాటిపోతూ "అంకుల్, మెయిన్‌షీట్ వదలండి" అని అరుస్తుంది. మాట వినండి. ఆ పిల్ల చెప్పేది నిజమే అయి ఉంటుంది.

షీట్ అంటే గుడ్డ అనుకుని మొదటి రోజు అందరూ తికమకపడతారు. షీట్ అంటే తాడు. తెరచాపను దగ్గరికి లాగడానికి, వదలడానికి ఉన్న తాడు. సెయిలింగ్ మొత్తంలో చేతికి ఉండేవి రెండే పనులు. ఒక చేత్తో ఈ తాడు, ఇంకో చేత్తో చుక్కానికి బిగించిన కర్ర, అంటే టిల్లర్. టిల్లర్‌ను కుడికి తోస్తే పడవ ఎడమకి తిరుగుతుంది. స్కూటర్ నడిపిన చేతులకు ఇది ఎక్కడానికి రెండు మూడు ఆదివారాలు పడుతుంది. బుర్రకి అయిదు నిమిషాల్లో ఎక్కుతుంది, అది వేరే సంగతి.

తాడు సంగతి మాత్రం హైదరాబాద్ వాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు. నా బ్యాచ్‌లో పాతబస్తీ కుర్రాడొకడు ఉండేవాడు. మేమంతా మొదటి వారం తాడు బిగబట్టి, పడవ ఒరిగిపోతుంటే కళ్ళు మూసుకునేవాళ్ళం. వాడు మాత్రం గాలి విసురు తగలగానే తాడు వదిలి, విసురు తగ్గగానే లాగేవాడు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే "పతంగే కదా అన్నా, ఢీల్, ఖెంచ్" అన్నాడు. అంతే. సంక్రాంతికి మిద్దె మీద చేసేదే పడవలో కూర్చుని చేస్తారు. తెరచాప ముందంచు రెపరెపలాడితే కాస్త ఖెంచ్. ఆగాక అక్కడితో చాలు, ఇంకా లాగితే పడవ పక్కకి ఒరుగుతుంది తప్ప ముందుకు పోదు. భయమేస్తే ఢీల్. తాడు వదిలేస్తే తెరచాప జెండాలా కొట్టుకుంటుంది, పడవ నిదానిస్తుంది. ఈ బండికి బ్రేకు లేదు, ఉన్నదల్లా ఇదే.

ఎదురుగాలికి ఎలా వెళ్తుందని ప్రతివాళ్ళూ అడుగుతారు. సూటిగా వెళ్ళదు. గాలి వచ్చే దిక్కుకి అటు సుమారు 45 డిగ్రీలు, ఇటు సుమారు 45 డిగ్రీలు, ఆ ముక్కలోకి మనం ఎక్కే పడవలు పోలేవు. ఆ అంచు పట్టుకుని కొంతదూరం ఒకవైపు, మళ్ళీ తిరిగి రెండోవైపు, తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినట్టు మెలికలు తిరుగుతూ వెళ్ళాలి. తడి చింతపిక్కను రెండు వేళ్ళ మధ్య నొక్కితే ముందుకు ఎగురుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. పైన తెరచాప మీద గాలి ఒకవైపు నుంచి నొక్కుతుంది, కింద నీళ్ళలోకి దించిన పలక, అంటే సెంటర్‌బోర్డ్, పడవను పక్కకి జారనివ్వకుండా రెండోవైపు నుంచి ఆపుతుంది. పోవడానికి ముందు తప్ప దారి మిగలదు. మొదటిసారి గాలికి ఎదురు వెళ్ళి సంజీవయ్య పార్కు ఒడ్డుకు తిరిగి వచ్చిన రోజు మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఇంకో మాట లేదు. మా ఆవిడ చివరికి అన్నం గిన్నె మూసేసి లేచింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన భాషలో గాలివాటంగా పోవడమంటే ఏ కష్టమూ లేకుండా బతికెయ్యడం. పడవలో కొత్తవాళ్ళ తల పగిలేది సరిగ్గా ఆ గాలివాటంలోనే. లెక్క చూడండి. వెనక నుంచి 10 నాట్ల గాలి వీస్తోంది (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు), మీ పడవ దాంతోపాటే 4 నాట్ల వేగంతో పోతోంది. అప్పుడు మీ ఒంటికి తగిలేది 6 నాట్లే. ఎంత హాయి, గాలే లేదు అనిపిస్తుంది. కబుర్లు మొదలవుతాయి. టిల్లర్ కొంచెం పక్కకి పోతుంది, గాలి తెరచాప వెనక్కి చేరుతుంది, బయటికి చాచి ఉన్న బూమ్, అంటే తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, ఒక్క ఊపున ఇటు నుంచి అటు తిరుగుతుంది. మధ్యలో ఉన్న తలకాయ ఎవరిదైనా దానికి ఒకటే. నా ఎడమ కనుబొమ మీద నాలుగు కుట్లున్నాయి. ఆ రోజు ఎవరి పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుకుంటున్నామో కూడా నాకు గుర్తుంది. కాబట్టి మొదటి నెలంతా గాలి పక్క నుంచి తగిలేట్టు అడ్డంగా వెళ్ళి అడ్డంగా రండి. గాలివాటం తరవాత.

ఏ పడవ అంటే, మీరు నలుగురు కాబట్టి ఇద్దరేసి ఎక్కే ఎంటర్‌ప్రైజ్ అడగండి. 4 మీటర్ల పైచిలుకు పడవ. 1956లో ఇంగ్లండ్‌లో జాక్ హోల్ట్ గీసిన డిజైన్, ఇప్పటికీ మన దేశంలో క్లబ్బుల్లో నడుస్తోంది. ఒకరు వెనక కూర్చుని టిల్లర్, పెద్ద తెరచాప చూసుకుంటారు, రెండోవాళ్ళు ముందున్న చిన్న తెరచాప, బరువు చూసుకుంటారు. టాంక్‌బండ్ మీద నుంచి మీరు చూసినవి లేజర్లు అయి ఉంటాయి, జూలై ప్రాంతంలో ఇక్కడ జరిగే సెయిలింగ్ వీక్‌లో ఎక్కువగా కనిపించేవి అవే. ఇప్పుడు వాటిని ఐఎల్‌సీఏ అంటున్నారు. ఒక్కరే ఎక్కే పడవ, ఒలింపిక్స్‌లో 1996 నుంచి ఉంది. అద్భుతమైన పడవే, కానీ స్నేహితుల కోసం వచ్చినవాళ్ళకు కాదు. నలుగురు నాలుగు లేజర్లు ఎక్కితే నాలుగు ఒంటరితనాలు.

నలుగురూ ఒకే పడవ ఎక్కాలని మాత్రం పట్టుబట్టకండి. ఈ సరస్సులోని బుద్ధుడి విగ్రహాన్ని 1990లో బార్జి మీద తీసుకెళ్తుంటే జారి నీళ్ళలో పడిపోయింది. మనుషుల ప్రాణాలు పోయాయి. విగ్రహాన్ని మళ్ళీ పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. చిన్న పడవలో పాఠం కూడా అదే: నీటి మీద బరువు ఎక్కడుందన్నదే అన్నిటికంటే ముఖ్యం. ఇంకొకటి, ఆ విగ్రహానికి మరీ దగ్గరగా, గాలి చాటున వెళ్ళకండి. గాలి ఒక్కసారి చచ్చిపోతుంది. మీరు బయటికి ఒరిగి కూర్చుని ఉంటే అలాగే వెల్లకిలా నీళ్ళలో పడతారు. ఫొటో కోసం వెళ్ళి పడినవాళ్ళ లెక్క నా దగ్గరుంది, అందులో నేనూ ఉన్నాను.

పడటం గురించి. మొదటి రోజు తెరచాప ఎత్తకముందే పడవ బోల్తా కొట్టించి, లేపడం నేర్పమని అడగండి. నేర్పకపోతే ఆ కోర్సు వద్దు. పద్ధతి కష్టమేమీ కాదు. ముందు ఇద్దరూ తలలు లెక్క పెట్టుకోవాలి, అంటే ఒకరినొకరు పేరు పెట్టి పిలవాలి. షీట్లన్నీ వదిలేయాలి. ఒకరు అడుగువైపు ఈదుకెళ్ళి సెంటర్‌బోర్డ్ మీద నిలబడి వెనక్కి వాలాలి, రెండోవాళ్ళు పడవ లోపలివైపు ఆనుకుని ఉంటే, అది లేచేటప్పుడు వాళ్ళను చేటలో బియ్యం ఎత్తినట్టు ఎత్తేస్తుంది. తరవాత నీళ్ళు తోడుకోవడమే. ఆలస్యం చేస్తే పడవ పూర్తిగా తలకిందులవుతుంది. ఈ చెరువు 1560లలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్వింది. అప్పటి నుంచీ పేరుకున్న ఒండ్రు అడుగున ఉంది. లోతు తక్కువ ఉన్న చోట్ల తలకిందులైన పడవ కొయ్య, అంటే తెరచాపను నిలబెట్టే స్తంభం, పోయి ఆ బురదలో దిగబడుతుంది. మాదొకసారి అలాగే దిగింది. సేఫ్టీ బోటు వచ్చి లాగితే, కొయ్య చివర నల్లటి బురద ముద్ద, దానికి వేలాడుతూ పాత చీర ముక్క బయటికి వచ్చాయి.

నీళ్ళలో దిగొచ్చా అన్నదానికి ఇంతకంటే మర్యాదగా జవాబు చెప్పలేను. వాసన ఉంటుంది, ఎండాకాలంలో ఎక్కువ, వానలు పడ్డాక తక్కువ. ఒంటి మీద తెగిన గాయాలుంటే ఆ వారం మానేయండి. నోట్లోకి పోనివ్వకండి, పోతే ఉమ్మేయండి. ఒడ్డుకు రాగానే సబ్బుతో స్నానం. గణేశ్ నిమజ్జనం అయ్యాక కొన్నాళ్ళు కొయ్యముక్కలు, ఇనప చట్రాలు తేలుతుంటాయి, మునిగీ ఉంటాయి. ఆ రోజుల్లో మేము వెళ్ళం. మంచినీళ్ళలాంటి సరస్సు దొరికేదాకా ఆగుతానంటే మాత్రం ఈ జన్మకు నేర్చుకోలేరు.

ఈత రాని మీ స్నేహితురాలి విషయం. ఆ సంగతి దాచకుండా ముందే చెప్పమనండి. సెయిలింగ్ జాకెట్ ఒంటికి బిగుతుగా ఉంటుంది, తేలడానికి సాయపడుతుంది. పర్యాటకుల బోట్లలో ఇచ్చే వదులు నారింజ జాకెట్ వేరు, అది నీళ్ళలో పడితే మెడ దాటి పైకి లేచిపోతుంది. అసలు భయం మునగడం కాదు, మొహం నీళ్ళలోకి పోయినప్పుడు వచ్చే కంగారు. అందుకని ముందు ఒక నెల స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళి, మొహం ముంచి పది సెకన్లు ఊపిరి బిగబట్టడం, జాకెట్ వేసుకుని దూకడం అలవాటు చేసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆవిడ బలం చాలదేమో అనుకుంటున్నారని కూడా రాశారు. నౌకాదళం పడవ తారిణి మీద ఆరుగురు ఆడవాళ్ళు 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, భూగోళం చుట్టి 2018 మేలో తిరిగి వచ్చారు. వాళ్ళలో పాతర్లపల్లి స్వాతిది విశాఖ, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. ఆవిడకు ఈ రెండు పేర్లూ చెప్పండి. చిన్న పడవల్లో బలం కంటే, గాలి విసురును ఒక్క క్షణం ముందు పసిగట్టే చూపు ముఖ్యం. విసురు వచ్చేముందు నీళ్ళ మీద చర్మం గగుర్పొడిచినట్టు నల్లటి మచ్చ పాకుతూ వస్తుంది. అది చూసే కన్ను ఉంటే చాలు.

కాలం గురించి క్లుప్తంగా. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి నిలకడగా ఉంటుంది, కొత్తవాళ్ళకు కొన్ని రోజులు ఎక్కువే. 5 నుంచి 10 నాట్లు మీకు సరి, అంటే గంటకు 9 నుంచి 18 కిలోమీటర్లు. 15 దాటితే ఒడ్డున కూర్చుని చూడండి, చూసినా నేర్చుకుంటారు. చలికాలం పొద్దున నీళ్ళు అద్దంలా ఉంటాయి, పది దాటి ఎండెక్కాక కానీ గాలి కదలదు. నా మాట వింటే నవంబరులో మొదలుపెట్టి, వానాకాలానికి చేయి తిరిగేట్టు చూసుకోండి. ఏప్రిల్, మే సాయంత్రాలు మాత్రం జాగ్రత్త. పడమట నల్లమబ్బు కనిపిస్తే, ఉరుము వినబడకముందే ఒడ్డు చేరాలి. చుట్టూ నీళ్ళు, మధ్యలో అల్యూమినియం కొయ్య నిలబెట్టుకుని కూర్చున్నది మీరొక్కరే.

మీరు అడగనిది ఒకటుంది, నా దృష్టిలో అదే అసలు ప్రశ్న. ఏడాది తిరిగేసరికి నలుగురూ ఇంకా వస్తూ ఉంటారా?

ఆరుగురు స్నేహితులు ఒకసారి ఒకే రంగు టీషర్టులు కుట్టించుకుని వచ్చారు. వాట్సాప్ గ్రూపు, నెత్తి మీద కెమెరాలు, ఆర్నెల్లలో పోటీల్లో పాల్గొనాలని ప్రణాళిక. ‘అందరూ వీలైతేనే వెళ్దాం’ అన్నది వాళ్ళ నియమం. ఆరుగురికీ ఒకే ఆదివారం వీలవడం అమావాస్యకో పున్నమికో జరుగుతుంది. మూడో నెలకు ఎవరూ లేరు. ఇంకో ముగ్గురున్నారు, ఒకే బ్యాంకులో పనిచేస్తారు. వాళ్ళ పద్ధతి వేరు: ఆదివారం ఏడున్నరకు, పడవలు నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర ఎవరుంటే వాళ్ళు. ఫోన్లు చేయరు, బతిమాలరు. రాలేనివాళ్ళు క్షమాపణలు చెప్పరు. తొమ్మిదేళ్ళుగా వస్తున్నారు. మీరూ అదే పెట్టుకోండి. వారం, గంట ఖాయం, మనుషులు కాదు.

నలుగురూ వచ్చిన రోజు ఇద్దరు నీళ్ళ మీద, ఇద్దరు ఒడ్డున. అరగంటకోసారి మార్చుకోవాలి. ఒడ్డున ఉండటం శిక్షేమీ కాదు. సెయిలింగ్‌లో సగం కాలం ఒడ్డునే గడుస్తుంది. కొయ్య నిలబెట్టడం, తాళ్ళు ఎక్కించడం, ట్రాలీ తోయడం, చివర్లో పడవ కడగడం. ఎంటర్‌ప్రైజ్ సుమారు 100 కిలోలు, ఇద్దరు ఎత్తితే నడుములు పోతాయి, నలుగురైతే కబుర్లాడుకుంటూ ఎత్తొచ్చు. నీళ్ళ మీద ఉన్న ఇద్దరిలో టిల్లర్ ఎవరి చేతిలో ఉంటే ఆ అరగంటకు వాళ్ళే సరంగు. సరంగు తప్పు చేస్తున్నా ఎదురు చెప్పకుండా చెప్పింది చేయాలి, దెబ్బలాట ఒడ్డుకు వచ్చాక. ఆఫీసులో మేనేజర్లయిన వాళ్ళకు ఇది చాలా కష్టం. భార్యాభర్తలను మొదటి మూడు నెలలు ఒకే పడవ ఎక్కించను, ఇది నా సొంత చట్టం.

గాలి పడిపోయిన రోజులుంటాయి. సరస్సు మధ్యలో తెరచాప వేలాడిపోయి, తెడ్డేసుకుని రావడమా, ఆగి చూడటమా తేల్చుకోలేక కూర్చుంటారు. ఫోన్లు ఒడ్డున లాకర్‌లో ఉంటాయి. నాలుగు మీటర్ల పడవలో ఇద్దరు మనుషులు, లేచి వెళ్ళిపోవడానికి ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన స్నేహితుడు తన ఉద్యోగం పోయి నాలుగు నెలలైందని, ఇంట్లో ఇంకా చెప్పలేదని అలాంటి ఒక పూట నాకు చెప్పాడు. నెక్లెస్ రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు, నేను బుద్ధుడి వైపు చూస్తూ విన్నాను. పదకొండింటికి గాలి వచ్చింది, షీట్ లాగమన్నాడు, లాగాను.

డబ్బు విషయంలో ఒకటే సలహా. కోర్సు ఫీజు ఎంతన్నది కాదు, కోర్సు అయ్యాక పడవ ఇస్తారా లేదా అన్నది అడగండి. నాలుగైదు రోజుల పాఠం ఎక్కడైనా దొరుకుతుంది. ఆ తరవాత ప్రతి ఆదివారం తీసుకెళ్ళడానికి పడవ లేకపోతే నేర్చుకున్నది నెలకే పోతుంది. మనం నీళ్ళ మీద ఉన్నంతసేపూ సేఫ్టీ బోటులో మనిషి కూర్చుని ఉంటాడా అని కూడా అడిగి తెలుసుకోండి. ఉండరంటే వెనక్కి వచ్చేయండి.

సొంత పడవ రెండేళ్ళ దాకా కొనకండి. నేను మూడో నెలలోనే పాత లేజర్ ఒకటి కొన్నాను. మొదటి రోజు గర్వంగా బయల్దేరి పావుగంటకు పడవ బరువెక్కుతోందని, గాలి తగ్గిందేమో అనుకున్నాను. తగ్గింది గాలి కాదు. పడవ వెనక నీళ్ళు ఖాళీ చేయడానికి చిన్న రంధ్రం, దానికి మూత ఉంటుంది. బంగ్ అంటారు. అది నా ప్యాంటు జేబులో ఉంది, ప్యాంటు ఒడ్డున ఉంది.

కొనాల్సినవి చిన్నవే. తాడు కట్టిన టోపీ, కళ్ళజోడుకు తాడు, సైకిల్ గ్లవ్స్, పూర్తి చేతుల చొక్కా, అడుగు మందంగా ఉన్న పాత బూట్లు. ర్యాంపు పక్క గాజుపెంకులుంటాయి, చెప్పులు వద్దు. జీన్స్ వద్దు, తడిస్తే మిమ్మల్ని మీరే ఎత్తలేరు. ఉంగరాలు తీసేయండి. జడ ఉన్నవాళ్ళు ముడేసి టోపీలోకి తోసేయాలి, మెయిన్‌షీట్ కప్పీలో చిక్కుకుంటే ప్రాణం పోయినంత పనవుతుంది. తిరిగి వెళ్ళేటప్పుడు బండి సీటు మీద వేసుకోవడానికి పెద్ద ప్లాస్టిక్ కవరు.

పడవ మోయడానికి చేయి వేసినవాళ్ళకు టీ ఇప్పించడం మా దగ్గర ఆనవాయితీ, దానికి చిల్లర తెచ్చుకోండి. నీళ్ళలోకి దించేముందు నెరిసిన గడ్డం, కనుబొమ మీద కుట్లున్న మనిషి ఒకడు అడ్డమొచ్చి "బంగ్ పెట్టారా?" అని అడుగుతాడు. కోపం తెచ్చుకోకుండా వెనక్కి వంగి చూసి చెప్పండి.